బిడ్డ జబ్బుకి పేరు కనుక్కోవడం ఎలా: జెనెటిక్ డాక్టర్ దగ్గరకి వెళ్ళేముందు మన ఇంట్లోనే చేసుకోవాల్సిన పని

మా మొదటి బాబు అయిదో నెలలో పోయాడండి. పుట్టినప్పుడు 3 కిలోలు, ఏడుపు బానే ఉంది, పాలు బానే తాగాడు, రెండో నెల దాటాక కాళ్ళు ఆడించడం తగ్గించేసాడు, పడుకోబెడితే రెండు కాళ్ళూ పక్కలకి వాల్చేసి కప్పలా పడుకునేవాడు, మెడ నిలబడలేదు, కానీ కళ్ళు మాత్రం ఎంత చురుగ్గా ఉండేవో, గుమ్మంలోకి ఎవరొచ్చినా వాళ్ళనే చూసేవాడు. మా అత్తయ్యగారు "కంగారు పడకమ్మా, మీ ఆయనకి కూడా అన్నీ లేటే" అన్నారు. దాళ్వా కోతలప్పుడు ఆయాసం వస్తే టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం, మూడు రోజుల్లో అయిపోయింది. కాగితం మీద న్యుమోనియా అని రాసిచ్చారు. సాయంత్రానికి ఇంటికి తెచ్చేసి మా కొబ్బరితోటలో పెట్టేసాం. ఒక్క చుక్క రక్తం దాచుకోండి అని ఎవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తెలీదు.

రెండోసారి నెల తప్పాక హైదరాబాద్ వెళ్తే జెనెటిక్ డాక్టరమ్మగారు అడిగిన మొదటి మాట "ఆ బాబు రక్తం గానీ డీఎన్‌ఏ గానీ ఎక్కడన్నా ఉందా?" లేదన్నాం. కాసేపు ఆగి "పోనీ వీడియోలు ఉన్నాయా" అన్నారు. మా ఆయన ఫోన్లో ఒకటుంది, బాబు నోరు తెరిచి నవ్వబోతుంటాడు, నాలిక సన్నగా వణుకుతుంటుంది, మేం అదేదో ముద్దుగా ఉందనుకుని తీసిన వీడియో. ఆవిడ దాన్ని నాలుగుసార్లు చూసి, ఇది ఎస్‌ఎంఏ అయ్యుండొచ్చు, అంటే వెన్నుపాములో కండరాల్ని కదిలించే నరాల కణాలు చచ్చిపోయే జబ్బు, ముందు మీ ఇద్దరికీ టెస్ట్ చేద్దాం అన్నారు. ఇద్దరం క్యారియర్లమే అని తేలింది, అంటే మాకు జబ్బు లేదు గానీ జీన్ ఒక కాపీలో తప్పు ఉంది. నాది మా మేనత్త కొడుకుతో పెళ్ళి.

మాకు ఆ వీడియో ఉంది, పైగా ఎస్‌ఎంఏ కాబట్టి సరిపోయింది, ఎందుకంటే ఆ జబ్బులో నూటికి 95 మందిలో ఒకే జీన్‌లో ఒకే ముక్క లేకపోవడం కనిపిస్తుంది, బిడ్డ లేకపోయినా తల్లిదండ్రుల్లో వెతకొచ్చు. మిగతా వేల జబ్బుల్లో చాలావాటికి అలా కుదరదు. జబ్బు ఉన్న బిడ్డని టెస్ట్ చేస్తేనే ఏ జీన్లో ఏ తప్పుందో తెలుస్తుంది, అది తెలిస్తేనే వచ్చే కడుపులో దానికోసం వెతకగలరు. అందుకే ముందు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, టెస్ట్ చేయాల్సింది ముందు జబ్బున్న బిడ్డకి, అదీ తల్లి మళ్ళీ నెల తప్పకముందే.

ఇంక పనిలోకి వద్దాం. డాక్టర్ దగ్గరకి వెళ్ళేముందు వంశవృక్షం గీయండి, మూడు తరాలు. పెద్ద తెల్లకాగితం తీసుకుని మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం, జబ్బున్నవాళ్ళకి లోపల నల్లగా నింపాలి, చనిపోయినవాళ్ళ మీద ఏటవాలు గీత, కడుపు పోయినవాటికి చిన్న త్రికోణం, మొగుడూ పెళ్ళాం రక్తసంబంధీకులైతే ఇద్దరి మధ్యా జంట గీత, ఏ బిడ్డ కోసం వెళ్తున్నారో ఆ బిడ్డ దగ్గర బాణం గుర్తు. ప్రపంచంలో ఏ జెనెటిక్ డాక్టర్ అయినా ఈ గుర్తులే వాడతారు, మీరు గీసుకెళ్తే అక్కడ అరగంట కలిసొస్తుంది.

గీయడం తేలికే, నిజం రాబట్టడమే కష్టం. మా అమ్మమ్మది పోడూరు, నాలుగుసార్లు అడిగాక గానీ చెప్పలేదు, ఆవిడకి మధ్యలో ఒక మగపిల్లాడు "నడవకుండానే పోయాడు" అని. 50 ఏళ్ళు ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మన ఇళ్ళల్లో ఇలాంటివి చాలా ఉంటాయండి, చచ్చిపుట్టిన పిల్లలు, పుట్టిన వారంలో పోయినవాళ్ళు, మాటలు రాని మేనమామ, ఫిట్స్ వచ్చే పెదనాన్న కూతురు, పెళ్ళిళ్ళు చెడిపోతాయని దాచేస్తారు. అందరి ముందూ అడిగితే చెప్పరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దావిడ ఒక్కత్తే ఉన్నప్పుడు పక్కన కూర్చుని అడగండి, జబ్బు పేరు అడక్కండి, "ఎన్నో నెలలో మెడ నిలిపాడు, నడిచాడా, చూపు ఉందా, మాట వినపడేదా, పాలు తాగగానే వాంతి చేసుకునేవాడా, ఎన్నాళ్ళు బతికాడు" అని అడగండి. వాళ్ళకి పేర్లు తెలీవు గానీ బిడ్డ ఎలా ఉండేవాడో మాత్రం ఒక్కటీ మర్చిపోరు.

ఇంకో విషయం. మన వైపు "మాది మేనరికం కాదండి, ఇంటిపేర్లు వేరు" అనేస్తారు. ఇంటిపేరు తండ్రి వైపు నుంచే వస్తుంది కదా, రక్తం అన్ని వైపుల నుంచీ వస్తుంది. చించినాడ వంతెనకి ఇవతల రాజోలు వైపు మేము, అవతల పాలకొల్లు వైపు వాళ్ళు, ఇంటిపేర్లు వేరు, కానీ ఇద్దరి ముత్తవ్వలదీ ఒకటే పుట్టిల్లు అని కాగితం మీద గీస్తే గానీ బయటపడని ఇళ్ళు ఉంటాయి. అందుకని ప్రతి ఆడమనిషి గుండ్రం పక్కనా ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, ఊరు రాయండి. ఒకే కులంలో, ఒకే నాలుగు ఊళ్ళ మధ్య తరతరాలుగా పెళ్ళిళ్ళు జరిగితే, చుట్టరికం తెలియకపోయినా ఇద్దరిలోనూ ఒకే తప్పు జీన్ ఉండే అవకాశం పెరుగుతుంది, ఇది కూడా డాక్టర్‌కి పనికొచ్చే సమాచారమే.

మేనరికం గురించి ఒక మాట సూటిగా చెప్తాను. మేనత్త మేనమామ పిల్లలు పెళ్ళి చేసుకుంటే వాళ్ళిద్దరి జీన్లలో 8 వంతుల్లో ఒక వంతు ఒకటే, అక్క కూతుర్ని సొంత మేనమామకి ఇస్తే 4 వంతుల్లో ఒక వంతు ఒకటే. ఏ దంపతులకైనా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారు, బావామరదళ్ళ పెళ్ళిలో అది దాదాపు రెట్టింపు అవుతుంది, మేనమామ పెళ్ళిలో ఇంకా ఎక్కువ. అంటే మేనరికం చేసుకున్నవాళ్ళ పిల్లల్లో ఎక్కువమంది బాగానే ఉంటారు, అది నిజం, "మా తాతల నుంచీ చేసుకుంటున్నాం ఎవరికీ ఏం కాలేదు" అనేవాళ్ళు అబద్ధం చెప్పట్లేదు. కానీ ఇంట్లో ఒక్క బిడ్డకి అలా జరిగాక కూడా, ఆ రెండెకరాలు బయటికి పోకూడదని తమ్ముడికి మళ్ళీ అదే ఇంట్లో సంబంధం చూడటం మాత్రం తప్పు, నేను మా ఇంట్లో గట్టిగానే అన్నాను.

వృక్షం గీసాక చూస్తే కొన్ని మీకే కనపడతాయి. అమ్మా నాన్నా ఇద్దరూ బాగానే ఉండి, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళలో ఒకరిద్దరికే జబ్బు, మధ్యలో జంట గీత ఉంటే అది ఎక్కువగా రిసెసివ్, అంటే తల్లి నుంచి ఒక తప్పు కాపీ, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే జబ్బు. తలసీమియా, సికిల్ సెల్, మాకొచ్చిన ఎస్‌ఎంఏ అన్నీ ఇదే తీరు. ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50, అసలు ఏమీ లేకుండా ఉండేది 25. "ఒకళ్ళకి వచ్చేసింది కాబట్టి వచ్చే ముగ్గురికీ రాదు" అనుకునేవాళ్ళున్నారు, అలా కాదండి, ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదటి నుంచే.

మగపిల్లలకే వచ్చి, అది కూడా తల్లి తమ్ముడికో, తల్లి అక్క కొడుక్కో కూడా ఉంటే అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండేది అని అనుమానించాలి, డుషేన్ మస్కులర్ డిస్ట్రఫీ (కండరాలు క్షీణించిపోయే జబ్బు), హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) లాంటివి. డుషేన్ పిల్లలు మూడు నుంచి అయిదేళ్ళ మధ్య ఊరికే పడిపోతుంటారు, పిక్కలు లావుగా గట్టిగా ఉంటాయి, కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఆనించుకుంటూ ఎక్కి లేస్తారు. "పిక్కలు చూడు ఎంత బలంగా ఉన్నాయో" అని మురిసిపోతారు, అదే గుర్తు. కండరాలు దెబ్బతింటే పెరిగే సీకే అనే మామూలు రక్తపరీక్ష చేస్తే వేలల్లో వస్తుంది. మూడింట ఒక వంతు కేసుల్లో తల్లి క్యారియర్ కూడా కాదు, తప్పు కొత్తగా పుడుతుంది.

డౌన్ సిండ్రోమ్ ఈ లెక్కలోకి రాదు. 21వ క్రోమోజోమ్ రెండు బదులు మూడు ఉండటం, 1959లో ఫ్రాన్స్‌లో లెజోన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు కనిపెట్టారు, నూటికి 95 మందిలో అది అండం తయారయ్యేటప్పుడో బీజం తయారయ్యేటప్పుడో జరిగిన పొరపాటు, ఎక్కువగా అండంలోనే, తల్లి వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది, మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. నూటికి ముగ్గురు నలుగురిలో మాత్రం ట్రాన్స్‌లొకేషన్ అని, అంటే ఆ అదనపు ముక్క వేరే క్రోమోజోమ్‌కి అతుక్కుని ఉంటుంది, అది తల్లిదండ్రుల నుంచి వచ్చి ఉండొచ్చు, అందుకే మొహం చూసి తెలిసిపోయినా సరే కార్యోటైప్, అంటే క్రోమోజోముల్ని లెక్కపెట్టి చూసే రక్తపరీక్ష చేయించాలి. గ్రహణం మొర్రి కూడా గ్రహణం వల్ల రాదు, కడుపుతో ఉన్న కోడల్ని గ్రహణం రోజు కదలనివ్వకుండా పడుకోబెట్టి, తర్వాత మొర్రి పుడితే "ఆ రోజు కూరగాయలు కోసావు" అని సాధించిన ఇల్లు నాకు తెలుసు. ఆ పిల్ల ఎంత ఏడ్చిందో. ఏ జెనెటిక్ జబ్బూ ఎవరో ఏదో చేయడం వల్లో, చేయకపోవడం వల్లో రాదు.

తర్వాత ఫైలు. బిడ్డ పుట్టినప్పటి డిశ్చార్జి సమ్మరీ, బరువు, తల చుట్టుకొలత, కడుపులో ఉన్నప్పుడు బిడ్డ అవయవాలన్నీ చూసిన టిఫా స్కాన్, ఎంఆర్‌ఐ ఉంటే రిపోర్టు ఒక్కటే చాలదు సీడీ కూడా, బిడ్డ ఫొటోలు ముందునుంచి ఒకటి పక్కనుంచి ఒకటి, చేతులు, పాదాలు. వీడియోలు తప్పకుండా, పడుకున్నప్పుడు, కూర్చోబెట్టినప్పుడు, ఫిట్స్ వచ్చినప్పుడు. ఫిట్స్ వస్తుంటే వీడియో తీయడం మనసుకి కష్టమే, అయినా ఇంట్లో ఇంకొకరెవరైనా తీయాలి. ఫోన్ మార్చేటప్పుడు అవి పోకుండా ఇంకొక చోట కూడా పెట్టుకోండి.

ఇప్పుడు రక్తం. ఇది చదివేవాళ్ళలో ఎవరి బిడ్డయినా ఇప్పుడు ఐసీయూలో ఉండి, ఏ జబ్బో తెలియకపోతే, ఈ వాక్యం అలాగే డాక్టర్‌కి చెప్పండి: "సార్, డీఎన్‌ఏ కోసం పర్పుల్ మూత ఈడీటీఏ ట్యూబులో 2 ఎం.ఎల్. రక్తం తీసి ఉంచండి." అంతే. అది మామూలు ఫ్రిజ్‌లో కొన్ని రోజులు ఆగుతుంది, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, జెనెటిక్ ల్యాబ్‌కి పంపితే వాళ్ళు డీఎన్‌ఏ తీసి ఏళ్ళ తరబడి దాస్తారు. బిడ్డ దక్కకపోవచ్చు అని తెలిసిన క్షణంలో ఈ మాట అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు, అందుకే బాబాయో మావయ్యో ఎవరో ఒకరు ఆ పని మీదేసుకోవాలి. పుట్టిన రెండు నాలుగు రోజులకి పాలు మానేసి మగతగా అయిపోయి, మూత్రం ఏదోలా వాసన వస్తుంటే అది మెటబాలిక్ జబ్బు, అంటే తాగిన పాలు ఒంట్లో సరిగ్గా విరిగి కలవని జబ్బు కావొచ్చు, అప్పుడు అమ్మోనియా, టీఎంఎస్ అనే రక్తపరీక్షలు వెంటనే, ఆగకుండా. బిడ్డ చచ్చిపుడితే ఫొటోలు, ఒళ్ళంతా కనపడేలా ఒక ఎక్స్‌రే, బొడ్డుతాడు ముక్క, అది సెలైన్‌లో పెట్టాలి ఫార్మలిన్‌లో కాదు, ఫార్మలిన్‌లో పెడితే డీఎన్‌ఏ పాడవుతుంది, కణాలు పెరగవు.

కార్యోటైప్‌కి మాత్రం పర్పుల్ ట్యూబు పనికిరాదు, ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు కావాలి, ఎందుకంటే కణాలు బతికుంటేనే పెంచి క్రోమోజోములు చూడగలరు, ఐస్‌లో గడ్డ కట్టించకుండా ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్‌కి చేరాలి. మన ఊరి కలెక్షన్ సెంటర్ కుర్రాళ్ళకి అన్నిసార్లూ తెలియదు, శనివారం సాయంత్రం ఇస్తే సోమవారం దాకా అక్కడే ఉంటుంది. సోమవారమో మంగళవారమో పొద్దున్నే ఇవ్వండి. బిడ్డ తెల్లగా పాలిపోయి తలసీమియా అనుమానం ఉంటే హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు చూసే పరీక్ష) రక్తం ఎక్కించకముందే తీయించాలి, ఎక్కించాక చేస్తే దాత రక్తం కలిసిపోయి రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది.

ఏ టెస్ట్ అనేది డాక్టరే చెప్పాలి, మనం నెట్‌లో చూసి ఎక్సోమ్, అంటే వేల జీన్లని ఒకేసారి చదివే టెస్ట్ చేయించేస్తే డబ్బు పోతుంది. డౌన్ అనుమానానికి కార్యోటైప్, ఎదుగుదల లేకపోవడంతో పాటు నాలుగైదు లోపాలు కలిసి ఉంటే మైక్రోఅర్రే (క్రోమోజోముల్లో చిన్న చిన్న ముక్కలు తగ్గినా పెరిగినా పట్టేది), ఎస్‌ఎంఏ, డుషేన్‌లకి ఎంఎల్‌పీఏ (ఒక జీన్‌లో ముక్క లేకపోవడం పట్టేది), ఇవేవీ పట్టుకోకపోతే ఎక్సోమ్. ఎక్సోమ్‌లో ఎస్‌ఎంఏ తప్పిపోయే అవకాశం ఉంది, ఖరీదైన టెస్ట్ అన్నీ పట్టేస్తుంది అనుకోకండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, ముందు కాకినాడ జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టర్‌కి చూపించి రాయించుకోండి. 2013లో మొదలైన, పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే పథకం కింద అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చే టీమ్‌కి చూపించినా పై ఆసుపత్రికి పంపుతారు, 18 ఏళ్ళ దాకా వర్తిస్తుంది. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, డీఎన్‌ఏ పరీక్షలు చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ వాళ్ళు నిమ్స్‌తో కలిసి చేస్తారు, బేగంపేటలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్ ఉంది. 2021 అరుదైన జబ్బుల పాలసీలో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిపి ఒక సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్, ఆ పాలసీ కింద లిస్టులో ఉన్న జబ్బులకి 50 లక్షల వరకూ సాయం ఉంది, పేరు నమోదు చేయించుకోవాలి. కోనసీమ వాళ్ళకి ఇంటి దగ్గర రైలు లేదు కాబట్టి రాజమండ్రి వెళ్ళి గౌతమి ఎక్కితే రాత్రికి రాత్రి చేరిపోవచ్చు, మాకు పాలకొల్లు దగ్గర కాబట్టి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళం. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెళ్ళాలి, ఇద్దరి రక్తం కావాలి, "ఆయనకి ఖాళీ లేదు, కొబ్బరి దింపు ఉంది" అంటే మళ్ళీ ఇంకోసారి వెళ్ళాల్సిందే.

రిపోర్టులో పేథోజెనిక్ అంటే జబ్బు తెచ్చేదే అని, లైక్లీ పేథోజెనిక్ అంటే దాదాపు అంతే, వీయూఎస్ అంటే దాని అర్థం ఇంకా తేలలేదని. వీయూఎస్ చూసి కడుపు తీయించుకోవడం లాంటి నిర్ణయాలు అస్సలు తీసుకోకండి. హోమోజైగస్ అంటే రెండు కాపీల్లోనూ తప్పుంది, హెటరోజైగస్ అంటే ఒక దాంట్లోనే. తల్లిదండ్రులిద్దరిలో కూడా అదే ఉందో లేదో చూపించే కన్ఫర్మేషన్ అడగండి, వచ్చే కాన్పుకి పనికొచ్చేది ఆ కాగితమే.

వచ్చే కాన్పుకి తారీఖులు ముఖ్యం. నెల తప్పకముందు కనీసం ఒక నెల నుంచి ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు, ఇంతకుముందు వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టి ఉంటే డాక్టర్ ఎక్కువ డోసు రాస్తారు. జీన్ తెలిసినవాళ్ళకి 11 నుంచి 13 వారాల మధ్య సీవీఎస్, అంటే మాయ నుంచి చిన్న ముక్క తీయడం, లేకపోతే 16 వారాల తర్వాత ఉమ్మనీరు తీయడం. రెండింట్లోనూ కడుపు పోయే ప్రమాదం చాలా తక్కువే గానీ ఉంటుంది, ముందే మాట్లాడుకోండి. బిడ్డ మెడ వెనక నీటి మందం చూసే ఎన్‌టీ స్కాన్ 11 నుంచి 13 వారాల 6 రోజుల లోపు, టిఫా 18 నుంచి 20 వారాల్లో. స్కాన్‌లో అంతా బావుందన్నారంటే జీన్ జబ్బు లేదని కాదు, మా బాబు టిఫా శుభ్రంగా ఉంది. గర్భస్రావ చట్టానికి 2021లో జరిగిన సవరణ తర్వాత బిడ్డకి తీవ్రమైన లోపం ఉంటే ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు, ఆ తర్వాత మెడికల్ బోర్డు అనుమతితో గర్భం తీయించుకునే వీలు చట్టంలో ఉంది, ఉంచుకోవాలా వద్దా అనేది ఆ తల్లిదండ్రులది, చుట్టాలది కాదు. ఆడా మగా అని మాత్రం ఏ ల్యాబ్ చెప్పదు, 1994 చట్టం ప్రకారం అడగడం కూడా నేరమే.

జబ్బుకి పేరు వచ్చేదాకా వైద్యం ఆపుకుని కూర్చోకూడనివి కొన్ని ఉన్నాయి. పుట్టిన మూడు నుంచి అయిదు రోజుల్లో మడమ గుచ్చి తీసే రక్తంతో థైరాయిడ్ చూపించండి, లోపం ఉంటే రెండు వారాల్లోపు మాత్ర మొదలుపెడితే బిడ్డ బుద్ధి మామూలుగా ఎదుగుతుంది, ఆలస్యమైతే ఆ నష్టం తిరిగి రాదు. పాదం లోపలికి వంకర తిరిగి ఉంటే మొదటి వారాల నుంచే పోన్సెటి కట్లు (పాదాన్ని మెల్లమెల్లగా సరిచేస్తూ వేసే పిండికట్లు), కట్లు అయ్యాక రాత్రిపూట బూట్లు నాలుగైదేళ్ళు మానకుండా వేయాలి, అక్కడే చాలామంది వదిలేస్తారు. మొర్రికి మూడు నెలల వయసులో పెదవి, తొమ్మిది నుంచి 18 నెలల మధ్య అంగిలి ఆపరేషన్. డౌన్ పిల్లల్లో సగం మందికి దగ్గర దగ్గరగా గుండె లోపం ఉంటుంది, నెలలోపే ఎకో (గుండె స్కాన్) తీయించాలి, థైరాయిడ్, వినికిడి, చూపు ఏటా చూపించాలి. ఎస్‌ఎంఏకి కూడా ఇప్పుడు మందులున్నాయి, టీవీల్లో 16 కోట్ల ఇంజెక్షన్ అని విన్నదే, రోజూ తాగించే రిస్‌డిప్లామ్ కూడా ఉంది, అవన్నీ ఎంత తొందరగా ఇస్తే అంత పనిచేస్తాయి. మా బాబుకి రెండో నెలలోనే పేరు తెలిసి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

సర్టిఫికెట్ పని కూడా వాయిదా వేయకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మస్కులర్ డిస్ట్రఫీ అందులోవే. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపుకి సచివాలయంలో స్లాట్ పెట్టించుకోవాలి, 40 శాతం దాటితే పింఛన్‌కి అర్హత, మన ఆంధ్రలో ఇప్పుడు నెలకి 6000.

ఆఖరిది, అందరూ ఎగ్గొట్టేది, తోడబుట్టినవాళ్ళకి చెప్పడం. నేను క్యారియర్ అంటే మా అన్నయ్యకి సగం అవకాశం, మా ఆయన క్యారియర్ అంటే మా ఆడపడుచుకి సగం అవకాశం. రెండో కాన్పులో చేయించిన సీవీఎస్‌లో బిడ్డ క్యారియర్ అని మాత్రమే వచ్చింది, మా పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు, గోదారి గట్టు మీద నన్ను పరిగెత్తిస్తుంది. అయినా మా అత్తయ్యగారు "బయటికి చెప్తే పిల్లకి సంబంధాలు రావు" అని మూడేళ్ళు ఆపారు. పోయిన నెల ఆడపడుచుకి అంబాజీపేట సంబంధం, మళ్ళీ దగ్గర చుట్టాలే, అబ్బాయి వాళ్ళమ్మతో నేనే మాట్లాడాను, కాగితం చూపించాను. ఆవిడ ఏమంటుందో అని గుండె దడదడలాడింది. "ఆయ్, అయితే మావాడికి కూడా ఆ టెస్ట్ రాయించండమ్మా" అంది. ఇద్దరూ మొన్న మంగళవారం పొద్దున్నే పర్పుల్ మూత ట్యూబుల్లో రక్తం ఇచ్చొచ్చారు, ముహూర్తం రిపోర్టు వచ్చాకే పెట్టుకుందాం అనుకున్నారు.